దొలోరెస్ అనగా దుఃఖములా? – స్పానిష్ బాలికా నామముల అర్థవిచారము

నామమునకు అర్థము చెప్పుట సులభమని లోకము తలచును. నిఘంటువు తెరచి, పదమున కెదుటనున్న అర్థమును చదివిన చాలునని పలువురి భావము. నలుబది యేండ్లకు పైగా వ్యాకరణపాఠము చెప్పిన నేనును ఒకనాడు అట్లే తలచి పొరపాటు పడితిని. ఆ పొరపాటును, దానిని దిద్దుకొనిన విధమును విద్వాంసుల యెదుట ఉంచుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ప్రశ్నోదయము

అనంతపురము ప్రాంతమున ఉపాధ్యాయుడుగా నున్న నా పూర్వశిష్యు డొకడు కొంతకాలము క్రిందట నాకొక జాబు వ్రాసెను. ఆ సీమకును స్పెయిన్ దేశమునకును గల సంబంధము పాఠకులు ఎరుగనిది కాదు. బార్సెలోనాలో 1920లో జన్మించిన విసెంతె ఫెర్రెర్ 1969లో అనంతపురమున రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నెలకొల్పి, 2009లో అచ్చటనే తనువు చాలించెను. ఆయన పిలుపు విని స్పెయిన్ దేశపు కుటుంబము లనేకము ఆ సీమలోని పిల్లల చదువునకు తోడ్పడినవి. దాతలకును పిల్లలకును నడుమ ఉత్తరములు నడచుట యచ్చట వింత కాదు. నా శిష్యుని బడిలో చదువు బాలిక కొకతెకు అట్టి యుత్తరము వచ్చినది. వ్రాసిన యామె పేరు దొలోరెస్. ఆ పదమునకు ‘బాధలు’ అని అర్థమున్నట్లు బాలిక ఎక్కడనో చూచి కలతపడినది. “అమ్మా! మీకీ పేరు పెట్టినవారెవరు? దీనిని మార్చుకొనుడు. మీ బాధలు తీరవలెనని మేము మ్రొక్కుకొనుచున్నాము” అని బదులు వ్రాసి గురువునకు చూపినది. జాబును పంపవచ్చునా, కూడదా అని నా శిష్యుని సందేహము.

నేను తడవు చేయక సమాధానము వ్రాసితిని. “ఇందులో విపరీత మేమియు లేదు. పుట్టిన బిడ్డలు దక్కని యింట మనవారు పెంటమ్మ, పెంటయ్య అని పేరులు పెట్టుదురు గదా! హీనమైన పేరు పెట్టిన మృత్యువు కన్ను బిడ్డపై పడదని నమ్మకము. ఇదియు అట్టిదే కావచ్చును” అని నా తాత్పర్యము. ఉత్తరము టపాలో పడిన పిదప మనస్సు ఊరకుండలేదు. స్పానిష్ వ్యాకరణమును, నామకోశములను తెప్పించుకొని, మా మనుమని సాయముతో కొన్ని నెలలు చదివితిని. చదివినకొలది నా సమాధానము ఉపమానముచే చెడినదని తేలినది. నేను ఎన్నుకొనిన పోలికయే తప్పు.

నామకరణ మర్యాదలు

స్త్రీనామములకు మన శాస్త్రకారులు చేసిన నియమములు ప్రసిద్ధములు. స్త్రీల పేరులు సుఖముగా పలుకదగినవియు, క్రూరార్థము లేనివియు, తెలియునట్టి అర్థము గలవియు, మనోహరములును, మంగళప్రదములును, దీర్ఘాంతములును కావలెనని మనువు ద్వితీయాధ్యాయమున చెప్పెను. బాలిక పేరునకు బేసి యక్షరములు ఉండవలెనని ఆపస్తంబ గృహ్యసూత్రము. ఆకారాంతముగా ఉండవలెనని పారస్కరుడు అధికముగా చెప్పెను. ఈ కొలబద్దతో చూచిన స్పానిష్ పేరులు సగము నిలుచును, సగము నిలువవు. లూసియా, క్లారా, సోఫియా, ఎలేనా, విక్తోరియా, బ్లాంకా మొదలగునవి ఆకారాంతములు, శుభార్థకములు. కాని కార్మెన్, పిలార్, దొలోరెస్, మెర్సెదెస్, కొన్సువేలో, రొసారియో, నియెవెస్, సొలెదాద్ అనునవి ఆకారాంతములు కావు. వీనిలో కొన్నింటి వాచ్యార్థము మంగళకరమును కాదు. సొలెదాద్ అనగా ఏకాకిత్వము, దొలోరెస్ అనగా దుఃఖములు.

ముందుగా ఉచ్చారణను గూర్చి ఒక మాట. కొన్ని స్థానములందు స్పెయిన్‌లోని పెక్కుమంది ‘థ’కారమునకు సమీపముగా పలుకు ధ్వనిని అమెరికా ఖండపు స్పానిష్ భాషీయులు ‘స’కారముగా పలుకుదురు. సౌకర్యమునకై నేను ‘స’కారమునే గ్రహించితిని.

స్పానిష్ లాటిన్ భాషనుండి పుట్టినదైనను దాని నామరాశి ఒకే గనినుండి వచ్చినది కాదు. లూసియా (వెలుగునకు సంబంధించినది), క్లారా (నిర్మల), లెతీసియా (ఆనందము) లాటిన్ మూలములు. సోఫియా (జ్ఞానము), ఇరేనె (శాంతి), ఇనెస్ (పరిశుద్ధురాలు) గ్రీకు మూలములు. ఆనా (అనుగ్రహము), సారా (రాకుమారి), రాకెల్ (గొఱ్ఱె), ఇసబెల్ అనునవి హీబ్రూనుండి వచ్చినవి. 5వ శతాబ్దము మొదలు 711 వరకు ఆ దేశము నేలిన విసిగోతుల కాలమునుండి జర్మానిక్ పేరులు చేరినవి, ఎల్వీరా అట్టిదే. 711లో అరబ్బులు ప్రవేశించిన పిదప అరబ్బీ పదములు ప్రవేశించినవి. బాస్క్, కతలాన్ భాషల పేరులు వేరు. మెహికో దేశమున సోచిత్ల్ (పుష్పము) అను నహువత్ల్ భాషానామము నేటికిని కలదు.

ఈ బహుమూలత యందు ఆశ్చర్యము లేదు. మన తెలుగువారి పేరులలోను సంస్కృతము, దేశ్యము, అరబ్బీ, పారశీకము, హీబ్రూ కలిసియే యున్నవి. స్పానిష్ నామములకు విశిష్టత వేరొకచోట కలదు.

లింగవచన వైషమ్యము

స్పానిష్ భాషలో నపుంసక నామవాచకములు లేవు. ప్రతి నామవాచకమును పుంలింగమో, స్త్రీలింగమో కావలయును. దానికి ముందు నిలుచు ఉపపదము లింగవచనములను తెలుపును. పుంలింగ ఏకవచనమున ‘ఎల్’, బహువచనమున ‘లోస్’; స్త్రీలింగ ఏకవచనమున ‘లా’, బహువచనమున ‘లాస్’.

ఇప్పుడు పరిశీలింపుడు. పిలార్ (స్తంభము), రొసారియో (జపమాల), రొసీయో (మంచుబిందువు), కొన్సువేలో (ఓదార్పు) అనునవి పుంలింగ పదములు, బాలికలకు పేరులు. దొలోరెస్ (దుఃఖములు), రెమేదియోస్ (ఉపశమనములు), మిలాగ్రోస్ (అద్భుతములు), ఆంహెలెస్ (దేవదూతలు) అనునవి పుంలింగములేకాక బహువచనములు కూడ. ఇవియు బాలికలకే పేరులు. నియెవెస్ (హిమములు), మెర్సెదెస్ (కృపలు) స్త్రీలింగములే యైనను బహువచనములు. ఒక్క బాలికకు బహువచనమేల? స్త్రీకి పుంలింగమేల?

సంస్కృతజ్ఞులకు భార్యావాచకమగు ‘దార’ శబ్దము స్ఫురింపక మానదు. అది పుంలింగము, నిత్యబహువచనాంతము. ‘కలత్ర’ శబ్దము నపుంసకము. శబ్దలింగము వేరు, లోకమున కనబడు లింగము వేరు అని ‘స్త్రియామ్’ అను సూత్రమునకు భాష్యము చేయుచు పతంజలి విచారించెను. కాని ఈ పోలికయు పూర్తిగా పొసగదు. దారశబ్దమునకు విశేషణము పుంలింగ బహువచనముననే వచ్చును. స్పానిష్‌లో ‘దొలోరెస్ అలసియున్నది’ అనవలెనన్నచో విశేషణము స్త్రీలింగ ఏకవచనముననే యుండును. అనగా రూపము బహువచనము, అన్వయము ఏకవచనము. రూపము పుంలింగము, అన్వయము స్త్రీలింగము. వాక్యములో అన్వయించుచున్నది కంటికి కనబడు పదము కాదని దీనిచే తెలియుచున్నది. కనబడని పదమొకటి వెనుక నున్నది.

పూర్వభాగ లోపము

ఆ కనబడని పదము ‘మరీయా’. దొలోరెస్ అను స్త్రీ పూర్తి పేరు సాధారణముగా ‘మరీయా దె లోస్ దొలోరెస్’, అనగా ‘దుఃఖముల యొక్క మరియ’. ‘దె’ అనునది షష్ఠ్యర్థమును తెలుపు పదము. ‘లోస్’ పైన చెప్పిన ఉపపదము. యేసు తల్లియగు మరియమ్మ తన కుమారుని నిమిత్తము ఏడు దుఃఖముల ననుభవించెనని కతోలిక సంప్రదాయము. ఆ మూర్తికి సెప్టెంబరు 15న పండుగ. కావున దొలోరెస్ అను పేరు బిడ్డకు బాధలు కోరినది కాదు. బాధలనెరిగిన తల్లి అండ కోరినది. మృత్యువును మోసపుచ్చుటకు పెట్టిన పెంటమ్మ పేరునకును దీనికిని ఏ సంబంధమును లేదు.

పేరులోని యొక భాగము లోపించుట మనకు క్రొత్త కాదు. దేవదత్తుడు దత్తుడగుటయు, సత్యభామ భామ యగుటయు వ్యాకరణ సంప్రదాయము అంగీకరించినదే. పూర్వపదముగాని, ఉత్తరపదముగాని లోపించినను శేషించిన భాగము సంపూర్ణనామము యొక్క అర్థమునే ఇచ్చును. ‘భామ’ యనగా కోపశీల యని నిఘంటువునుండి చెప్పి, శ్రీకృష్ణుని దేవేరి పేరున కిదియే అర్థమని ముగించువాడు పేరును ఎరుగనివాడే యగును. దొలోరెస్ విషయమున నేను చేసిన పని అదియే. భేద మేమనగా, మన యుదాహరణములు సమాసములు. స్పానిష్ నామములు షష్ఠీసంబంధముగల వాక్యఖండములు. లోపించునది మరీయా పదమొక్కటియే కాదు, దానిని తరువాతి పదముతో కలుపు ‘దె’యును, ఉపపదమును కూడ.

రూపమున బహువచనము నిలుచుటకును మన శాస్త్రమున సాదృశ్యము కలదు. పంచాలులు నివసించు దేశమునకు పంచాలాః అని బహువచనాంతమగు పేరు. తద్ధితప్రత్యయము లోపించినను మూలపదము యొక్క లింగవచనములే నిలుచుటను యుక్తవద్భావ మందురు. పాణిని దీనిని విధించి, ఆ వెంటనే దీనిని బోధింపనక్కరలేదనియు, సంజ్ఞలు లోకమునుండియే సిద్ధించుననియు చెప్పెను. యోగార్థమే ప్రమాణమైనచో, ఆ యోగము లేనిచోట పేరును ఉండరాదు గదా అని ఆయన యుక్తి. స్పానిష్ నామములందు రూపమున యుక్తవద్భావము, అన్వయమున వ్యక్తి యొక్క లింగవచనములు అని మనము విభజించుకొనవచ్చును.

ఈ తాళపుచెవితో ఎన్నో నామముల తలుపులు తెరచుకొనును. మెర్సెదెస్ యనగా ‘కృపల మరియ’. ముస్లింల చెరలో చిక్కిన క్రైస్తవులను ధనమిచ్చి విడిపించుటకై 1218లో బార్సెలోనాలో నెలకొన్న మఠసంప్రదాయమునకు ఈ మూర్తియే అధిదేవత. పండుగ సెప్టెంబరు 24. మన వీధులలో తిరుగు కారునకు ఈ పేరు వచ్చుట మరియొక కథ. ఎమిల్ యెలినెక్ అను వ్యాపారి తన కుమార్తెయగు మెర్సెదెస్ పేరును దానికి పెట్టించెను. 1902లో అది వ్యాపారనామముగా నమోదైనది. ఆ కారునకు ‘కృప’ యని అర్థము చెప్పిన నవ్వు వచ్చును. చరిత్ర చెప్పిన నవ్వు రాదు.

నియెవెస్ యనగా ‘హిమముల మరియ’. రోము నగరమున ఎస్క్విలిన్ గుట్టపై నడివేసవిలో మంచు కురిసి దేవాలయస్థలమును చూపెనని ఐతిహ్యము. పండుగ ఆగస్టు 5. కందెలారియా యనగా ‘దీపముల మరియ’. ఫిబ్రవరి 2న క్రొవ్వొత్తుల పండుగ. కనారీ దీవులలోని తెనెరీఫెలో ఆమె క్షేత్రము. కొన్సెప్సియోన్ డిసెంబరు 8 నాటి నిష్కళంకోద్భవ మహోత్సవమును, అసున్సియోన్ ఆగస్టు 15 నాటి స్వర్గారోపణమును తెలుపును. అరసేలి యనునది రెండు లాటిన్ పదముల కూర్పు. స్వర్గవేదిక యని అర్థము. సలూద్ యనగా ఆరోగ్యము. పూర్ణనామము ‘ఆరోగ్యము యొక్క మరియ’ వంటిది. వేళాంగణి ఆరోగ్యమాత పేర ఆరోగ్యమ్మ యని పిలువబడు మన కతోలిక స్త్రీల పేరునకును దీనికిని అర్థము ఒక్కటియే. 1858 నాటి దర్శనములచే ప్రసిద్ధమైన ఫ్రాన్సు దేశపు లూర్దు క్షేత్రము పేర స్పెయిన్‌లో లూర్దెస్ అను బాలికలు గలరు. విజయవాడ గుణదల కొండకు ఏటేట ఫిబ్రవరిలో యాత్ర సాగు మన సీమలో లూర్దమ్మలు, లూర్దు మేరీలు గలరు.

ఈ లోపము మనుష్యనామములకే పరిమితము కాదు. పెక్కుమంది తెలుగువారు నివసించు లాస్ ఏంజెలెస్ నగరము 1781లో స్పానిష్ వారిచే ‘దేవదూతల రాణియగు మా దొరసాని’ అను నర్థముగల దీర్ఘనామముతో స్థాపింపబడినది. పూర్వభాగము జారిపోయి దేవదూతలు మాత్రము మిగిలిరి. పరగ్వే రాజధాని అసున్సియోన్, బొలీవియాలోని లా పాస్ నగరము ఇట్టివే. బాలిక ఆంహెలెస్, నగరము లాస్ ఏంజెలెస్ ఒకే సూత్రమునకు ఉదాహరణములు.

క్షేత్రనామములు

కొన్ని పేరులకు మూలము గుణము కాదు, ఉత్సవము కాదు, స్థలము. పిలార్ అనగా స్తంభము. అర్థము మాత్రము సరగోసా నగరమున స్తంభముపై వెలసిన మరియమ్మ. పండుగ అక్టోబరు 12. రొసీయో అనగా మంచుబిందువైనను, ఆండలూసియాలో హువెల్వా మండలమున ఎల్ రొసీయో అను గ్రామమునకు పెంతెకోస్తు పండుగకు సాగు మహాయాత్రయే ఆ పేరునకు ప్రాణము. మొన్సెరాత్ కతలాన్ పదము. రంపపు పండ్లవంటి శిఖరములుగల కొండ యని అర్థము. బార్సెలోనా సమీపమున ఆ కొండమీది శ్యామవర్ణ మూర్తి ప్రసిద్ధము. సంగీతలోకమున కీర్తిగన్న మొన్సెరాత్ కబాయె (1933–2018) పేరు అదియే. మాద్రిద్ నగర రక్షకురాలి పేరు అల్ముదేనా. అది చిన్నకోట యను నర్థముగల అరబ్బీ పదము. బాస్క్ దేశపు అరాన్సాసు క్షేత్రనామమున ‘ముల్లు’ అను నర్థముగల పదము కలదు. ముండ్లపొదలో మరియమ్మ దర్శనమిచ్చెనని స్థలపురాణము.

గ్వదలూపె నామచరిత్ర అన్నిటికంటె దీర్ఘము. పూర్వార్ధము ‘వాది’ అను అరబ్బీ పదమునుండి వచ్చినది. లోయ లేక నది యని అర్థము. ఉత్తరార్ధమున విద్వాంసులలో వివాదము కలదు. మూలక్షేత్రము స్పెయిన్‌లోని ఎస్త్రెమదూరాలో నున్నది. కొలంబసు 1493లో ఆ పేరును కరిబియన్ సముద్రమున ఒక దీవికి పెట్టెను. 1531లో దర్శనమైనదని చెప్పబడు మెహికో దేశపు గ్వదలూపె మాత ఆ జాతికంతకును తల్లియైనది. పండుగ డిసెంబరు 12. ఈ పేరు పురుషులకును కలదు. మెహికో ప్రథమ రాష్ట్రపతి (1824–1829) తన జన్మనామమును విడిచి గ్వదలూపె విక్తోరియా అను పేరును ధరించెను.

ఇచ్చటనే నాకు కనువిప్పు కలిగినది. నా మేనత్త పేరు సింహాచలము. మేమందరము ఆమెను సింహాచలమత్త యని పిలిచెడివారము. అదే పేరుగల పురుషులును మా యూరిలో నలుగురైదుగురు ఉండిరి. పదము నపుంసకము, కొండకు పేరు, స్త్రీపురుషులిరువురకును చెల్లును. ‘సింహపు కొండ’ యను నర్థము మాలో నెవ్వరికిని ఏనాడును తోచలేదు. అప్పన్న స్వామియే తోచెడివాడు. పరదేశీయు డెవడైన నిఘంటువు చూచి ‘ఈ స్త్రీకి సింహపు కొండయని పేరు పెట్టిరి, ఏమి జాతి!’ యనిన మనమేమందుము? అన్నవరము, శ్రీశైలము, తిరుపతమ్మ, పెంచలమ్మ యను పేరులును ఈ కోవలోనివే. దొలోరెస్ అను పేరును నేను పెంటమ్మతో పోల్చితిని, పోల్చవలసినది సింహాచలముతో.

ముద్దుపేరులు

స్పానిష్ వారు దొలోరెస్‌ను లోలా యనియు, కొన్సెప్సియోన్‌ను కొంచా యనియు, రొసారియోను చారో యనియు, కొన్సువేలోను చెలో యనియు, గ్వదలూపెను లూపె యనియు, పిలార్‌ను పిలి యనియు పిలుతురు. వీనికి మరల ‘ఇతా’ వంటి ప్రత్యయము చేరి లోలితా, కొంచితా, కార్మెన్‌సితా యగును. అనుకంపార్థమున బహ్వచ్కములగు మనుష్యనామములకు ప్రత్యయములను విధించి, రెండవ యచ్చునకు పైనున్న భాగమునకు లోపము చెప్పిన పాణినీయ ప్రక్రియ పాఠకులకు విదితమే. దేవదత్తుడు దేవిక, దేవియ, దేవిల యగుట అట్లు. పేరు మొదటిభాగము నిలిచిన పిలి ఈ రీతికి దగ్గర. లోలా, చారో, లూపె యనునవి మాత్రము పేరు మధ్యాంతములనుండి గ్రహింపబడినవి. పసివారి నోట తిరిగిన ధ్వనులు. ప్రక్రియ వేరైనను ప్రేరకమగు వాత్సల్యము ఒక్కటియే.

సమస్తనామములందు మొదటిపదమునకే ప్రాధాన్యము. హొసె మరీయా యనిన పురుషుడు. మరీయా హొసె యనిన స్త్రీ. అవే రెండు పదములు క్రమము మారుటచే లింగము మారినది. మరీయా ఇసబెల్ కుదించుకొని మరిబెల్ యగును.

అపనిరుక్తులు

నామార్థ గ్రంథములందు పలుమారులు కనబడు తప్పులను కొన్నింటిని చూపుట యావశ్యకము. కార్మెన్ అనగా లాటిన్‌లో గీతము. కావున ‘పాట’ యని అర్థము వ్రాయుదురు. పూర్ణనామము ‘మరీయా దెల్ కార్మెన్’. అది హైఫా నగరము చెంతనున్న కార్మెల్ పర్వతమును చెప్పును. ఆ హీబ్రూ పదమునకు ఫలవనమని అర్థము. పండుగ జులై 16. గీతార్థము తరువాత కవుల చెవులకు ఇంపైనదే గాని, పేరునకు మూలము కాదు. గ్రనాదా నగరమున తోటతో కూడిన గృహమును కార్మెన్ అందురు. అది ద్రాక్షతోట యను నర్థముగల అరబ్బీ పదమునుండి వచ్చినది. ఇసబెల్ అను పేరులో ‘బెల్’ వినబడుటచే ‘సుందరి’ యని చెప్పుదురు. అది ఎలిషెబా యను హీబ్రూ నామము యొక్క రూపాంతరము. దైవమును శపథమును తెలుపు పదములు అందున్నవి. ఇనెస్ అను పేరునకు లాటిన్ పదసామ్యముచే ‘గొఱ్ఱెపిల్ల’ యని చెప్పుట ప్రాచీనమైన భ్రాంతి. మూలమగు గ్రీకు పదమునకు పరిశుద్ధ యని అర్థము. మరిసోల్ అనగా ‘సముద్రమును సూర్యుడును’ అని ముచ్చటగా చెప్పుదురు. నిజమునకు మరీయా, సొలెదాద్ అను రెండు పదముల సంక్షేపమది.

మనవారు చేయు పొరపాటు వేరొకటి కలదు. ధ్వనిసామ్యము చూచినంతనే సంస్కృతవ్యుత్పత్తి చెప్పుట. సారా నామమును సారశబ్దమునుండియు, మరీయా నామమును మాయాశబ్దమునుండియు సాధింప యత్నించినవారిని నేనెరుగుదును. ఆ రెండును హీబ్రూ కుటుంబమునకు చెందినవి; సంస్కృతముతో జ్ఞాతిత్వము లేదు. మరియ పేరునకు మూలార్థ మేమనుటలో హీబ్రూ పండితులకే ఏకాభిప్రాయము లేదు. నిజమైన జ్ఞాతిత్వము ధ్వనినియమములచే నిరూపితమగును. అది కొన్నిచోట్ల చెవికి తోచనే తోచదు. అవురోరా (ఉదయము) మన ఉషశ్శబ్దమునకు తోబుట్టువు. లూస్ (వెలుగు) రుచ్ ధాతువునకు చుట్టము. ఎస్త్రెయా (నక్షత్రము) వేదమునందలి ‘స్తృ’ శబ్దమునకు, తారాశబ్దమునకు బంధువు. నియెవెస్ నందలి హిమార్థక పదమును స్నేహశబ్దమునందలి ధాతువుతో భాషాశాస్త్రజ్ఞులు కలుపుదురు. ధాతువు ఒక్కటి యైనంత మాత్రమున పేరు ఒక్కటి కాదనుటయు మరువరాదు.

పూర్వభాగలోపమును సర్వత్ర ఆరోపించుటయు అతివ్యాప్తియే. లూసియా, క్లారా, ఇనెస్, కతలీనా మొదలగునవి ఆ యా పుణ్యస్త్రీల పేరులు. అందు లోపము లేదు. పిల్లలకు పుణ్యపురుషుల, పుణ్యస్త్రీల పేరులు పెట్టవలెనని 1566 నాటి రోమను ఉపదేశగ్రంథము చెప్పెను. పుట్టిననాటి పుణ్యుని పేరు పెట్టు నాచారమును కలదు. చిత్రానక్షత్రమున పుట్టిన బాలిక చిత్ర, రేవతిలో పుట్టినది రేవతి యగుట వంటిది.

మారిన కాలము

పేరు ప్రభుత్వముల పాలబడుటయు కలదు. ఫ్రాంకో పాలనలో పేరులను కస్తీయ భాషలోనే నమోదు చేయవలెనను నిర్బంధముండెను. కతలాన్ తల్లిదండ్రులు ఇంట మెర్సె, దొలోర్స్ అని పిలుచుకొనిన బిడ్డలు పత్రములందు మెర్సెదెస్, దొలోరెస్ అయిరి. 1977 నాటి చట్టము స్పెయిన్ దేశపు అన్ని భాషల పేరులకు ద్వారము తెరచినది. ఆ దేశమున మొత్తముమీద మరీయా దెల్ కార్మెన్ అను పేరుగల స్త్రీలు మిక్కుటము. కాని ఈ శతాబ్దమున పుట్టిన బాలికలలో లూసియా, సోఫియా, మార్తినా వంటివి ముందు నిలిచినవి. దొలోరెస్, రెమేదియోస్, కొన్సువేలో అనునవి ప్రాయము మీరినవారి పేరులైనవి. మన సింహాచలమునకు పట్టిన గతియే యిది. పేరు వాడుక తగ్గినపుడు దాని వెనుకనున్న క్షేత్రము, పండుగ, పూర్ణరూపము మొదట మరపునకు వచ్చును. నిఘంటువులోని అర్థ మొక్కటియే మిగులును. ఆ మిగిలినదానినే పేరునకు అర్థమని ముందుతరమువారు నమ్ముదురు. నామవిచారము చేయువారు తొందరపడవలసిన కారణ మిదియే.

నిగమనము

స్పానిష్ స్త్రీనామమునకు అర్థము చెప్పువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. పూర్ణనామమేది, దానిలో ఉపపదమేది? ఆ పేరునకు పండుగయో, క్షేత్రమో కలదా? పదము ఏ భాషనుండి వచ్చినది? ఈ మూడును తేలిన పిదపనే నిఘంటువు తెరువవలెను. మొదటనే తెరచినచో యోగార్థము దొరకును గాని, రూఢి దొరకదు. పదము దొరకును గాని, పేరు దొరకదు.

నా శిష్యునకు రెండవ జాబు వ్రాసితిని. మొదటిదానిని చింపివేయుమని చెప్పి, సింహాచలమత్త సంగతి యంతయు వివరించితిని. అతడు దానిని తరగతిలో చదివి వినిపించెనట. బాలిక తన పాత యుత్తరమును పంపలేదు. “మీ పేరు మీ దేశపు తల్లి పేరని మా గురువుగారు చెప్పిరి. మా అవ్వ పేరు తిరుపతమ్మ; అదియు దేవుని కొండ పేరే” అని క్రొత్తది వ్రాసినది. నేను నెలలకొలది పుస్తకములు త్రిప్పి తెలిసికొనినది ఆమె రెండు వాక్యములలో చెప్పినది. ఇందు ప్రమాదము లేవైన నున్నచో విద్వాంసులు దిద్దుదురు గాక.